సరంగు తాత చేసిన పనులు

మా ఇంట్లో ఒక అలవాటుంది. సాయంత్రం పని నుంచి వచ్చిన మగవాడు గడప బయటే ఆగాలి. ఇంట్లో పెద్దావిడ వచ్చి, గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి, మొహం పైకెత్తి "ఊదు" అంటుంది. అతను ఊదుతాడు. తాగిన వాసన లేకపోతే, గడ్డం వదలకుండానే లోపలికి లాక్కొచ్చి అప్పుడు వదిలిపెడుతుంది. ఉంటే ఆ పూటకి వరండాయే గతి. దీన్ని మొదలుపెట్టింది మా ముత్తవ్వ. ఆవిడ తరవాత నాయనమ్మ, నాయనమ్మ తరవాత అమ్మ, అమ్మ పోయాక పదకొండేళ్ళుగా నేను. ఊదడానికి ఇప్పుడు ఇంట్లో ఒక్క మగాడే మిగిలాడు, మా తమ్ముడు. వాడికి నలభై తొమ్మిది, నాకు యాభై ఎనిమిది. ఈ వయసులో రోజూ తమ్ముడి నోరు వాసన చూడటం ఏమంత సరదా పని కాదు. అయినా మానలేదు. మానాలని ఎవరికీ తోచలేదు.

దీనికంతటికీ కారణం మా నాన్నకి తాతయ్య, అంటే మా ముత్తాత. ఆయన సరంగు. ఓడ మీద పనిచేసే కళాసీలందరికీ పెద్ద. తెరచాప ఎత్తాలన్నా, లంగరు వెయ్యాలన్నా ఆయన ఈల వినబడాల్సిందే. అంత మనిషి తాగుడు మరిగి, ఓడ పోగొట్టుకుని, ఒక్కో పనీ చేజార్చుకుంటూ, చివరికి గోడలు పట్టుకుని నడిచే స్థితికొచ్చి పోయాడని మాకు ఉగ్గుపాలతో పోసిన కథ. ఇంట్లో ఎవరి కాలు చెంబుకి తగిలినా "సరంగు రక్తం" అనేవారు. మా నాన్న రేవులో మూటలు మోసేవాడు. ఒక సంధ్యవేళ రేవు మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు. అప్పటికి నాకు పంతొమ్మిది, తమ్ముడికి పది. ఆ సాయంత్రం ఆయన గడప దాకా రాలేదు కాబట్టి ఊదించే అవకాశం లేకపోయింది. అయినా తాగే పడ్డాడని అందరూ అన్నారు, అమ్మ కూడా అంది. పోయేదాకా అమ్మ ఆయన్ని క్షమించలేదు.

తమ్ముడు అదే రేవులో క్రేను నడిపేవాడు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసు. చుక్క ముట్టని మనిషి. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు నన్నడిగితే "ఏమో" అనేదాన్ని. ఆ ఏమోకి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

జరిగింది ఇది. ఒక సాయంకాలం షిఫ్టులో, దీపాలు వెలిగించే వేళ, వాడు ఓడలోంచి గోనెమూటల వల ఎత్తి గట్టు మీద దించుతున్నాడు. దించాల్సిన చోటికి నాలుగు బారల అవతల ఒక వ్యాను ఆగి ఉంది. మూటలన్నీ దాని నెత్తిన దిగాయి. పైకప్పు అప్పడంలా అణిగిపోయింది. డ్రైవరు ఆ నిమిషానికే టీ తాగడానికి దిగాడు గనుక బతికిపోయాడు. కేకలు విని క్రేను నిచ్చెన దిగుతూ మా వాడు ఆఖరి మెట్టు తప్పి బోర్లా పడ్డాడు. సూపర్వైజరు అది చూశాడు. ఇంకేం కావాలి? తాగి నడిపాడని రాసేశాడు. పరీక్ష చేయించడానికి ఆ పూట డాక్టరు దొరకలేదట. మూడు వారాల్లో విచారణ అన్నారు, అందాకా ఇంట్లో కూర్చోమన్నారు.

ఆ సాయంత్రం వాడు మోచేతులు గీరుకుపోయి ఇంటికొచ్చి, అలవాటు ప్రకారం గడప బయట ఆగాడు. గడ్డం పట్టుకున్నాను. ఊదాడు. టీ వాసన, ఇనుము వాసన, అంతే. లోపలికి లాక్కొచ్చాక నేనన్న మాట ఇది.

"ఏం నమిలి వచ్చావురా?"

వాడు కుళాయి దగ్గరికి పోయి మోచేతులు కడుక్కున్నాడు. మా మరదలు కుట్టుమిషను ఆపి, "వదినా, ఆయన తాగలేదు" అంది. "నాకేం తెలుసు" అన్నాను.

మూడో రోజు యూనియను నాయకుడు వచ్చాడు. మనిషి మంచివాడే, కాకపోతే ఏ కష్టానికైనా ఒక ఫారం ఉంటుందని నమ్మేరకం. కుర్చీలో సర్దుకుని కూర్చుని విషయం తేల్చేశాడు.

"చూడవయ్యా, తాగానని ఒప్పేసుకో. మొదటిసారి తప్పు కింద మూడు నెలలు పక్కన పెడతారు. ఇకమీదట ముట్టనని కాగితం రాసిస్తావు. మళ్ళీ నీ క్రేను నీది. రేవులో సగంమంది అలా వెళ్ళొచ్చినవాళ్ళే. తాగలేదని మొండికేశావనుకో, మరైతే ఎలా జరిగిందని తవ్వుతారు. తవ్వితే ఏం బయటపడుతుందో నీకు తెలుసా, నాకు తెలుసా?"

"తాగలేదండీ" అన్నాడు తమ్ముడు.

"తాగలేదనే అనుకుందాం. సంతకానికేం పోయింది?"

"తాగని తాగుడికి సంతకం పెట్టను."

నాయకుడు నా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి అక్కగారూ. మీరూ ఆఫీసులో పనిచేసే మనిషే."

నేను చెప్పాను. నిజం చెప్పొద్దూ, నాకు ఓపిక లేదు. ఇంటి గొడవ కాస్త చల్లారితే నా ఉద్యోగం ఇంకో రెండేళ్ళు ఈడ్చుకొచ్చి, మోకాళ్ళు చాపుకుని కూర్చోవాలని ఉంది. "పెట్టెయ్యరా సంతకం. మన ఇంటికి కొత్తేమన్నానా? సరంగు రక్తమే కదా" అన్నాను.

వాడికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చేతులు చూసుకుని, మెల్లిగా అడిగాడు. "అక్కా, ఆయన తాగుతుండగా చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఎవర్రా?"

"సరంగు తాత. చూశానని నాయనమ్మ ఎప్పుడైనా చెప్పిందా? నీకు చెప్పిందా?"

నాయకుడు గడియారం చూసుకుని లేచాడు. నాయనమ్మ ఎప్పుడూ "అనేవారు" అనేది. చూశానని అనలేదు.

నేను పనిచేసేది జనన మరణాలూ పెళ్ళిళ్ళూ నమోదు చేసే ఆఫీసులో. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నకళ్ళ గుమాస్తాని. ఎవరెవరివో తాతల పుట్టుకలు వెతికి, చూసి, రాసి, ముద్ర కొట్టి కిటికీలోంచి అందించడం నా పని. మా ఇంటివాళ్ళ కోసం ఒక్కసారి కూడా వెతకలేదు. మా కథ మాకు తెలుసు కదా, ఇంక వెతకడమెందుకు.

తమ్ముడి ప్రశ్న మాత్రం చెప్పులో రాయిలా ఉండిపోయింది. రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు మధ్యాహ్నం రికార్డు గదిలోకి దిగాను. అక్కడి అటెండర్ని అందరూ దుమ్ము బాబాయ్ అంటారు. రిటైరై నాలుగేళ్ళైనా ఆయన్ని వదులుకునే ధైర్యం ఆఫీసుకి లేదు. ఏ పుస్తకం ఏ బీరువాలో ఏ చెదపురుగు పక్కన ఉందో ఆయనకొక్కడికే తెలుసు.

"ఎవరిదమ్మా?"

"మా ముత్తాతది."

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చాడా!" అని నవ్వి స్టూలు ఎక్కాడు.

ఆ పాత పుస్తకాల గురించి ఒక మాట చెప్పాలి. బిడ్డ పుడితే తండ్రి పేరు పక్కన "వృత్తి" అని ఒక గడి ఉంటుంది. అందులో ఏముంటే అది నిజమని జనం అనుకుంటారు. ఆ గడి నింపేది నాలాంటి గుమాస్తా. పొద్దుటి నుంచి రాసి రాసి వేళ్ళు కొంకర్లు పోయి, తలెత్తకుండా "ఏం చేస్తాడు?" అని అడుగుతాడు. ఎదురుగా ఉన్నవాళ్ళు ఏం చెబితే అది రాస్తాడు. అందుకే నేను ముందు చూసేది చివరి గడి, సమాచారం ఇచ్చినవారు ఎవరు అనేది.

మొదట పెళ్ళి పుస్తకం దొరికింది. వృత్తి: సరంగు. చెప్పింది ఆయనే, సంతకం కూడా ఆయనదే. పెద్ద పెద్ద అక్షరాలు, గడి దాటి పక్క గడిలోకి పోయాయి. అది చూసి బాబాయ్, "మీ తాతకి జాగా చాల్లేదమ్మా" అన్నాడు.

రెండేళ్ళ తరవాత మొదటి బిడ్డ. వృత్తి: సరంగు. మరో మూడేళ్ళకి రెండో బిడ్డ. వృత్తి: కళాసీ. కింద పగటి పని అని చిన్న అక్షరాలు. సరంగు అన్నవాడు మళ్ళీ మామూలు కళాసీ ఎలా అవుతాడు? తాగితే అవుతాడు. నాకు తెలిసిన కథే గడిలో కనబడుతుంటే నీరసం వచ్చింది. చెప్పింది భార్య, వేలిముద్ర. అప్పటి నుంచి ప్రతి పుట్టుకా చెప్పింది ఆవిడే, ఆయన ఒక్కసారీ రాలేదు.

మూడో బిడ్డ నాటికి ఆయన ఓడ దిగేశాడు. వృత్తి: రేవు దాటించే పడవ. నాలుగో బిడ్డ మా తాతయ్య. వృత్తి: తాళ్ళు పేనేవాడు. పన్నెండేళ్ళలో ఓడ నుంచి పడవకి, పడవ నుంచి గట్టుకి, గట్టు మీద తాళ్ళ కొట్టంలోకి. మా వాళ్ళు చెప్పినట్టే ఒక్కో మెట్టూ దిగాడు. పుస్తకం మూసేసి, "చాలు బాబాయ్, తాగుబోతే" అన్నాను.

"చావు చూడవా?"

"ఏముంటుంది అందులో. వృత్తి లేదు అని ఉంటుంది."

"ముప్ఫై ఏళ్ళు నాచేత స్టూలు ఎక్కించావు. ఇంకొక్కసారి ఎక్కితే నా సొమ్మేం పోదు" అని ఆయనే వెళ్ళి తెచ్చాడు.

మరణాల పుస్తకం. వయసు అరవై ఒకటి. కారణం జ్వరం. వృత్తి: రేవు గంట కొట్టేవాడు.

నేను పెదవి విరిచాను. గంట కొట్టడం కూడా ఒక పనేనా అనుకున్నాను. బాబాయ్ మాత్రం కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఆ గడిని వేలితో తడిమాడు. ఆయన మేనమామ ఒకప్పుడు చేపల పడవ నడిపాడట.

"అమ్మా, ఇది బడిగంట కాదు. మంచు కమ్మితే పడవలకి గట్టు కనబడదు. ఆ గంట విని దారి పట్టుకుంటాయి. నిమిషానికి ఇన్నని, గంటల తరబడి, లెక్క తప్పకుండా కొట్టాలి. తప్పితే పడవ పోయి రాళ్ళకి కొట్టుకుంటుంది. తాగుబోతు చేతికి ఆ తాడు ఎవడిస్తాడు?"

నేను ఆ గడిని మళ్ళీ చదివాను.

"రేవు ఆఫీసు పాత కాగితాలు దాని వెనక గోదాములో పడేశారు. నా పేరు చెప్పి అడుగు" అన్నాడు.

ఆ గోదాముకి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి తాళంచెవి ఉన్నవాడు సెలవు. రెండోసారి తాళంచెవి ఉంది, బల్బు లేదు. మూడోసారి మా ఇంటి బల్బు సంచిలో వేసుకుని పోయాను. విచారణకి ఇంకా ఆరు రోజులుంది. తల ప్రాణం తోకకి వచ్చింది. అసలు ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు. ఆయన తాగాడని ఎవరైనా రాసిన కాగితం దొరికితే తమ్ముడికి చూపించి, చూశావా అని, సంతకం పెట్టించేద్దామని కూడా ఒక పక్క ఉంది.

"గంట" అని రాసిన కట్టలో, తుప్పు పట్టిన గుండుసూది కింద దొరికింది. అర్జీ. రాయసగాడి చేత రాయించింది, కింద ముత్తవ్వ వేలిముద్ర. ఆ వేలిముద్రని అప్పటికే పుట్టుకల పుస్తకాల్లో మూడుచోట్ల చూశాను, బొటనవేలికి అడ్డంగా పాత కోత గీత ఉంటుంది. అర్జీలో ఇలా ఉంది.

"రేవు దొరగారి సముఖమునకు. నా భర్త తమ గంట కొట్టుచున్నాడు. పని లోపము లేదు. అయితే ఆయనకు చీకటి పడిన తోడనే ఏమియు కనబడదు. పగటివేళ గొట్టములోనుండి చూచినట్లు ఎదుటనున్నది మాత్రమే కొంత కనబడును, పక్కలు తెలియవు. ఇది ఓడ మీదనున్నప్పుడే మొదలైనది. రాత్రి కాపలా చేయలేక సరంగు పని వదిలెను. నేను వెంటబెట్టుకొని వెళ్ళిన యెడల నలుగురికి తెలియును. కావున మా ఇంటి గుమ్మము మొదలు గంట స్తంభము వరకు నడుమెత్తున ఒక తాడు కట్టుకొనుటకు సెలవు దయచేయవలెను. తాడు ఆయనే పేనుకొనగలడు. మేకులు మాత్రము ఇప్పింపవలెను. ఆయన తాగునని నేనే అందరితో చెప్పియున్నాను, తాడును అందుకేనని అనుకొందురు. తాగువానిని రేవులో తిరిగి పనిలోనికి తీసుకొందురు, చూపులేనివానిని తీసుకొనరు. ఇంటి గడపను ఊపిరి చూచు నెపమున గడ్డము పట్టుకొని నేనే దాటించుచున్నాను. ఇది బయటపెట్టవద్దని వేడుకొనుచున్నాను."

దాని కింద వేరే చేతిరాత. "మేకులు ఇవ్వండి."

గోదాములో కూర్చోవడానికి ఏమీ లేదు. గోనె సంచుల మీద కూలబడ్డాను. ఆవిడ తన భర్తని అందరి ముందూ తాగుబోతుని చేసింది. గడప దగ్గర నిలబెట్టి, ఇరుగూ పొరుగూ చూస్తుండగా ఊదించింది. ఆయన ఊదాడు. వాళ్ళిద్దరూ కలిసి రోజూ ఆడిన నాటకాన్ని మేము మూడు తరాలు నిజమని నమ్మి, చెయ్యి మార్చుకుంటూ నడిపాం. మా నాన్నని ఊదించాం. రేవు మెట్ల మీద సంధ్యవేళ ఆయనకి ఏం కనబడి ఉంటుందో ఎవరమూ అడగలేదు. అమ్మ బతికుంటే ఈ కాగితం ఆవిడకి ఎలా చదివి వినిపించేదాన్నో నాకు తెలియదు. కాసేపు ఏడ్చాను. తరవాత మా బల్బు విప్పి సంచిలో వేసుకున్నాను.

కాగితం నకలు రాసుకుని ఇంటికొచ్చేసరికి తమ్ముడు వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. మరదలు బటన్లు కుడుతోంది. నేను గొంతు సవరించుకుని చదివాను. "గొట్టములోనుండి చూచినట్లు" అన్న చోట మరదలి సూది ఆగింది.

చదవడం అయ్యాక అడిగాను. "ఎప్పటి నుంచిరా?"

వాడు నీళ్ళు నమలలేదు. ఇన్నాళ్ళూ ఎవరైనా అడుగుతారని చూస్తున్నట్టు వెంటనే చెప్పాడు. "మూడేళ్ళు. ఇంకా ముందు నుంచేనేమో. పక్కలు పోయాయి. సాయంత్రమైతే అంతా పోతుంది."

"మరి క్రేను?"

"పగలు పర్వాలేదు. సాయంకాలం షిఫ్టు పడ్డప్పుడల్లా రెండో క్రేను నడిపే ముసలాయనతో మార్చుకునేవాణ్ణి. ఆయన పోయిన నెల రిటైరయ్యాడు. ఇంకెవరూ ఒప్పుకోలేదు." కాస్త ఆగి అన్నాడు. "నిచ్చెన పద్ధెనిమిది మెట్లు. రోజూ లెక్కపెట్టుకుంటూ దిగుతాను. ఆ రోజు కేకల్లో లెక్క పోయింది."

మరదలు సూది పక్కన పెట్టింది. "నాకు చెప్పలేదేం?" అంది. కోపంగా కాదు, బాగా అలిసిపోయిన మనిషి అడిగినట్టు అడిగింది.

"చెబితే పని మానెయ్యమంటావు."

"అంటాను."

"మానేసి ఏం చెయ్యను?"

అప్పుడు నేను ఒక మాట అన్నాను. ఆ మాట గొప్పది కాదు, అయినా దాచను. "ఈ కాగితం నేను చూడలేదనుకుందాం. గోదాములో అసలుది అక్కడే ఉంది, ఇంకో వందేళ్ళు ఎవరూ ముట్టరు. ముత్తవ్వ చేసిందే మనమూ చేద్దాం. తాగానని సంతకం పెట్టు. మూడు నెలలు ఇట్టే పోతాయి. సాయంత్రం షిఫ్టు మార్చుకునేవాణ్ణి ఎవణ్ణో ఒకణ్ణి నేను కాళ్ళు పట్టుకునైనా చూస్తాను."

తాగినవాణ్ణి తిరిగి తీసుకుంటారు, చూపు లేనివాణ్ణి తీసుకోరు. ముత్తవ్వ నాటి రేవే ఇప్పటికీ ఉంది. తాగలేదని రుజువు చేసుకుంటే మా వాడి పేరు నిలబడుతుంది, క్రేను పోతుంది. తాగానంటే క్రేను నిలబడుతుంది. ఆ సంగతి బల్ల చుట్టూ ఉన్న ముగ్గురికీ తెలుసు.

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "ఆయన గంట కొట్టాడక్కా. గంట కొట్టడానికి కళ్ళక్కర్లేదు. నా కొక్కెం కింద మనుషులుంటారు."

మరదలు లేచి అన్నం వడ్డించింది.

మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చీకటి గదిలో చాలాసేపు చూసి, "ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఉందా?" అని అడిగాడు. "లేదు" అనడం మా నోటికి అలవాటు. ఈసారి తమ్ముడే చెప్పాడు. "మా నాన్నకి. మా ముత్తాతకి." మధ్యలో తాతయ్య సంగతి తెలియదు, జ్వరంతో ముప్ఫైలోనే పోయాడు. డాక్టరు రాసుకున్నాడు. ఇది వంశంలో దిగే జబ్బనీ, తగ్గించే మందు తన దగ్గర లేదనీ, ఇప్పుడున్నది ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేననీ అన్నాడు. నాకూ పరీక్ష చేశాడు. నాకు లేదు. అది విని సంతోషించాలో, తమ్ముడి మొహం చూడలేక తలదించుకోవాలో తెలియక చేతిసంచి జిప్పు రెండుసార్లు తీసి వేశాను.

విచారణ రోజు నేనూ వెళ్ళాను. బల్ల అవతల ముగ్గురు ఆఫీసర్లు. మా వాడు డాక్టరు కాగితం ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్ళు మెచ్చుకుంటారని నేనేమీ అనుకోలేదు గానీ, కనీసం జాలిపడతారనుకున్నాను. మధ్యలో ఉన్నాయన, "అంటే కనబడదని తెలిసే మూడేళ్ళు నడిపావన్నమాట" అన్నాడు. "తెలిసేనండి" అన్నాడు తమ్ముడు. బయట వరండాలో యూనియను నాయకుడు నెత్తి కొట్టుకున్నాడు. "తాగానంటే మూడు నెలలు. ఇప్పుడు చూడు!" అని నా మీద కూడా ఎగిరాడు. ముత్తవ్వ కూడా ఇదే లెక్క వేసింది పాపం అనుకున్నాను.

పదిహేను రోజులకి కాగితం వచ్చింది. "తాగి నడిపినట్లు" అన్న వాక్యం కొట్టేశారు. క్రేను లైసెన్సు రద్దు. సామాను గోదాములో పగటి పని, అదీ ఆరు నెలలు చూసి చెబుతామన్నారు. కప్పీలు, కొక్కేలు, తాళ్ళ చుట్టలు వరస తప్పకుండా అరల్లో సర్దడం పని. అరలు వాడు చేత్తోనే గుర్తుపడతాడు. సూపర్వైజరు ఎదురుపడితే పక్కకి తప్పుకుంటున్నాడట. పలకరిస్తే బాగుండేది. అయినా వాడి కళ్ళకి పక్కనున్నవాళ్ళు కనబడరు కాబట్టి ఒక బాధ తప్పింది. ఇది వాడు చెప్పిన జోకే. మరదలు నవ్వలేదు.

దుమ్ము బాబాయ్ సంగతంతా విని, మరణాల పుస్తకం మళ్ళీ తీసి ఆ పేజీలో గుర్తుగా ఒక కాగితం ముక్క పెట్టాడు. నేను ముత్తాత పనులన్నీ ఒక పక్క రాసి చూసుకున్నాను. ఇన్నాళ్ళూ అవి దిగిన మెట్లనుకున్నాను. చీకట్లో చూడలేని నాడు పగటి పని పట్టాడు. సముద్రం మీద చూడలేని నాడు రేవులో పడవ పట్టాడు. ఎదర మనిషి కంటికి ఆనని నాడు చేతులతో చేసే పని పట్టాడు. అదీ అయ్యాక చెవులతో చేసే పని. ఒక్కరోజు ఖాళీగా కూర్చోలేదు ఆయన. అటువంటి మనిషిని ఇన్నేళ్ళు తిట్టాం.

ఇంట్లో ఊదించడం మానేశాను. ఎవరికీ చెప్పలేదు, ఊరికే మానేశాను. సాయంత్రం వాడు వచ్చే వేళకి వంటింట్లో ఏదో పని కల్పించుకునేదాన్ని. తలుపు బార్లా తీసి ఉంచేదాన్ని. నాలుగు తరాల ఆడవాళ్ళు నిలబడ్డ చోట నిలబడటానికి మొహం చెల్లలేదు.

గోదాములో చేరిన రెండో వారం, ఒక సాయంత్రం వెలుగు బాగా తగ్గింది. వాడి చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. కాసేపు చూశాను. లోపలికి రాలేదు. చేతులు తుడుచుకుంటూ వెళ్ళి చూస్తే, వాడు గడప బయట, గడ్డం కాస్త ఎత్తి నిలబడి ఉన్నాడు.

"ఇంక ఊదక్కర్లేదురా. నీ మీద నాకు అనుమానం లేదు. రా లోపలికి" అన్నాను.

"ఊదడానికి కాదక్కా" అన్నాడు. "గడప ఎక్కడుందో తెలియడం లేదు."

గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి, నా వైపు లాక్కుని, "ఒక్కటే మెట్టు. కాలెత్తు" అన్నాను.